నా టాపు కోసిన గవర్రాజు

నేను ఒక పగబట్టిన కారుని. పగ పట్టడం పాములకూ మనుషులకే తెలుసని మీరనుకుంటే, ఇనుముతో మీకు సరైన పరిచయం లేదన్నమాట. ఇనుము దేన్నీ మరిచిపోదు. ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడే తుప్పు పట్టి, చూసేవాళ్ళకి చూపిస్తూనే ఉంటుంది.

నా పేరు ప్లిమత్. సొంత ఊరు అమెరికాలో డెట్రాయిట్. అక్కడ నన్ను ముక్కలుగా చేసి, చెక్కపెట్టెల్లో సర్ది ఓడెక్కించారు. బొంబాయిలో విప్పి, బిగించి, స్టీరింగు కుడివైపున పెట్టి, ముదురు నీలం రంగు వేశారు. నాకు నాలుగు తలుపులు, ముందు దొరగారి మీసంలా మెరిసే బంపరు. కానీ నా అందమంతా నా టాపులోనే ఉండేది. ఒకే రేకుని వంచి చేసిన గుండ్రటి టాపు. ఎవరైనా మొదటిసారి చూస్తే దాని మీద చెయ్యి వేసి నిమరకుండా వెళ్ళేవారు కాదు. నాకు కాస్త గర్వం ఉండేదని ఒప్పుకుంటాను. ఉండదగిన గర్వమే.

నన్ను కొన్నది మండపేటలో సొంత ఆసుపత్రి పెట్టుకున్న లేడీ డాక్టరు సుగుణమణి గారు. ఆవిడే నడిపేవారు. ఆ రోజుల్లో ఆడమనిషి అంత పెద్ద కారు నడుపుతుంటే చూడ్డానికి జనం కాలవగట్ల మీద బారులు తీరేవారు. ఆవిడ ఎవర్నీ పట్టించుకునేవారు కాదు. ఏ పల్లెలో కాన్పు కష్టమైందని కబురొచ్చినా మందుల పెట్టె వెనకసీట్లో పడేసి బయల్దేరేవారు. ఎన్నోసార్లు తిరుగుదారిలో ఆసుపత్రి చేరేవరకు బిడ్డ ఆగేవాడు కాదు. అలాంటప్పుడు గట్టు మీద నన్ను ఆపి, తలుపులు మూసి, నా టాపు నీడనే పురుడు పోసేవారు.

అలా నాలో పుట్టినవాళ్ళలో ఒకడి ఏడుపు రెండు ఊళ్ళకి వినపడింది. "వీడికి మైకు అక్కర్లేదమ్మా" అని డాక్టరమ్మ వాడి తల్లితో అన్నారు. ఆ పిల్లవాడే గవర్రాజు. పెరిగి పెద్దవాడై, ఏం చిత్రమో, మైకుల వ్యాపారమే పెట్టాడు. మైకులు, షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, జనరేటరు. పెళ్ళంటే గవర్రాజు సప్లై కంపెనీ, పందిరంటే గవర్రాజు వేసిన పందిరి.

డాక్టరమ్మ పోయాక ఆవిడ బంధువులు నన్ను అమ్మకానికి పెడితే గవర్రాజు పరుగున వచ్చి తీసుకున్నాడు. తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ వెనకసీటు మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకుంది. నా టాపుకి పసుపు రాసింది. ఇతనేమో నా చుట్టూ ప్రదక్షిణ చేసి, వచ్చినవాడికీ పోయినవాడికీ అదే మాట చెప్పాడు.

"మా అమ్మ కడుపు తర్వాత నాకు ఇదేనండి. ఆయ్, ఇందులోనే పుట్టేనండి నేను."

నేను పొంగిపోయాను. ఇంకేముంది, కన్నతల్లి మర్యాద దొరుకుతుందనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

గవర్రాజు నన్ను పెళ్ళి ఊరేగింపులకి పెట్టాడు. పూలూ రంగు బల్బులూ కట్టించుకుని, వెనక బ్యాండు మేళం వాయిస్తుంటే నేనూ సరదా పడ్డాను. కానీ పెళ్ళివారికి ఒకటే కొరత. కార్లో కూర్చున్న పెళ్ళికూతురు వీధిలోవాళ్ళకి కనపడటం లేదట. నగలు కనపడటం లేదట. పట్టుచీర కనపడటం లేదట. ఎవరికీ కనపడనప్పుడు ఊరేగడం ఎందుకని ఒక పెదనాన్నగారు గట్టిగానే అడిగారు. గవర్రాజు నా టాపు వంక ఆలోచనగా చూడటం ఆ రోజే మొదలైంది.

నన్ను కోయడానికి అతను మంచిరోజు చూశాడు. ఈ మాట మళ్ళీ చెబుతాను, మీరు నమ్మకపోవచ్చు. పంచాంగం తెప్పించి, మంగళవారం వద్దని, వర్జ్యం లేకుండా చూసుకుని, నా ముందు కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, కళ్ళకద్దుకుని, అప్పుడు రంపం తీశాడు. పక్కన కొత్తగా కాపరానికొచ్చిన అతని భార్య నూకరత్నం నిలబడి, రంపం వేడెక్కకుండా సీసాలోంచి కొబ్బరినూనె పోసింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కోశాడు. అరవడానికి నాకున్నది హారనొక్కటే. బ్యాటరీ వైర్లు ముందే తీసేశాడు.

సాయంత్రం షామియానా కూలీలు నా టాపుని ఎత్తి పెరట్లో బోర్లా పడేశారు. మర్నాడు ఎవరో దాన్ని తిరగేసి చూశారు. లోతుగా, గుండ్రంగా, చక్కగా ఉంది కదా, గేదెకి కుడితితొట్టి చేశారు. డెట్రాయిట్‌లో నొక్కిన రేకు, డాక్టరమ్మ చేత్తో తుడుచుకున్న రేకు. అందులో ఆ గేదె మూతి పెట్టి జుర్రుకునే చప్పుడు రోజూ నాకు వినపడేది. అది తుప్పు పట్టి చిల్లులు పడేదాకా విన్నాను. ఆ చప్పుడు వింటూనే పగ పట్టాను. వీణ్ణి నలుగురిలో తల దించుకునేలా చేయకపోతే నేను ఇనుమునే కాదనుకున్నాను.

గవర్రాజుకి తెలియనిది ఒకటుంది. కారుకి టాపంటే గొడుగు కాదు. ముందువీ వెనకవీ స్తంభాలన్నిటినీ కలిపి పట్టుకునే చెయ్యి అది. ఆ చెయ్యి నరికేస్తే ఒళ్ళు నడుం దగ్గర కుంగుతుంది, తలుపులు వాటి చోట్లలో కూర్చోవు. ఊరేగింపు కదలగానే నా తలుపులు నోళ్ళు తెరిచేవి. గవర్రాజు వాటిని తాళ్ళతో కట్టి, తాళ్ళు కనపడకుండా బంతిపూల దండలు వేలాడదీశాడు.

రాయవరం పెళ్ళిలో మొదటి దెబ్బ కొట్టాను. పెళ్ళికొడుకు దర్జాగా తలుపు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మలుపు దగ్గర తాడు వదిలేశాను. బాసికంతో సహా వెళ్ళి మురుక్కాలవలో కూర్చున్నాడు. కొంగుముడి ఉంది కాబట్టి పెళ్ళికూతురు కూడా సగం దూరం వెళ్ళింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తగిలి ఉంటే బాధపడేదాన్నేమో, చెప్పలేను. నా కళ్ళు గవర్రాజు మొహం మీదే ఉన్నాయి.

అతను మాత్రం తప్పు తన రంపానిదని అనుకోలేదు. "దిష్టండి. అమెరికా కారు కదండీ, ఊరందరి కళ్ళూ దీని మీదే" అన్నాడు. గుమ్మడికాయ తెచ్చి నా ముందు పగలగొట్టాడు. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. అయినా తలుపులు ఊడుతుంటే, కోరలున్న రాక్షసుడి బొమ్మ ఒకటి తెచ్చి నా మూతికి వేలాడదీశాడు. ఒక మంచి దూలం లాంటి ఇనుపముక్క అడ్డంగా అతికిస్తే తీరే రోగానికి ఊళ్ళో ఉన్న గుమ్మడికాయలన్నీ ఖర్చు చేశాడు.

నేనూ ఊరుకోలేదు. మేళం జోరుమీద ఉండగా రేడియేటరు పొంగించి పెళ్ళివారి మీద ఆవిరి కొట్టాను. పురోహితుడు ఆశీర్వచనం చదువుతుంటే హారను మోగించి ఆపకుండా ఉంచాను. నడిబజార్లో ఇంజను ఆపేసి, వియ్యంకులిద్దర్నీ ఒకే పక్క నిలబెట్టి తోయించాను. గవర్రాజుకి తోపుడు గవర్రాజని పేరొచ్చింది. అతను ఆ పేరుకీ నవ్వేసేవాడు. నాకు మరింత కడుపు మండేది. నవ్వితే తల దించుకున్నట్టు కాదుగా.

తర్వాత కాలం మారింది. గుర్రపు రథాలూ, పొగ మిషన్లూ, గాల్లోంచి పెళ్ళికూతుర్ని దింపే క్రేన్లూ తెచ్చే కంపెనీలు వచ్చాయి. గవర్రాజు కుర్చీలకి గిరాకీ తగ్గింది. నన్ను ఇంటి పక్క షెడ్డులో షామియానా గొట్టాల మధ్యకి తోసేశారు. నా వెనకసీట్లో కోళ్ళు గుడ్లు పెట్టి పొదిగాయి. నేను నా పగని పొదిగాను. కోళ్ళకంటే నాకే ఓపిక ఎక్కువ.

ఒకరోజు షెడ్డు తలుపు తెరిచి గవర్రాజు లోపలికొచ్చాడు. ముసలివాడైపోయాడు. బట్టతల, సన్నబడిన కాళ్ళు. వ్యాపారం మూసేశాడు. ఒకప్పుడు తను పందిరి వేసిన ఇళ్ళవాళ్ళే ఇప్పుడు బజార్లో గుర్తుపట్టకుండా పోతున్నారని భార్యతో చెప్పుకుంటుంటే విన్నాను. కాకినాడ బీచి రోడ్డు మీద పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారట. నన్ను బాగుచేసి, అందులో నడిపి, మళ్ళీ నలుగురి నోట్లో పేరు పడాలని అతని కోరిక.

నాకు ప్రాణం లేచొచ్చింది. నలుగురి మధ్యకి తనంతట తనే నన్ను తీసుకెళ్తానంటున్నాడు.

షెడ్డే గ్యారేజీ అయింది. షామియానా గొట్టాలు మూడు నిలబెట్టి, గొలుసు కప్పీ కట్టి నా ఇంజను పైకి లాగాడు. చేతిలో ఫోను పట్టుకుని నూకరత్నం ముక్కాలిపీట మీద కూర్చునేది. అందులో టోపీ పెట్టుకున్న అమెరికావాడొకడు నాలాంటి కారునే విప్పుతూ ఏదో గొణుగుతుండేవాడు. గవర్రాజుకి వాడి మాట ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మధ్యలో ఆపించి, "అదీ సంగతి!" అని తలూపి మళ్ళీ పానా అందుకునేవాడు. బిగుసుకుపోయిన పిస్టన్లలో ఆముదం పోసి నానబెట్టాడు. కార్బొరేటరు విప్పి, కిరసనాయిల్లో కడిగి, పాత పంచె మీద వరసగా ఆరబెట్టాడు. నా ఒంటి రంగు గీకుతుంటే ఒక్కొక్క పెళ్ళిళ్ళ కాలం బయటపడింది. గులాబీ, దాని కింద వెండి, దాని కింద పసుపు, అన్నిటికన్నా అడుగున డాక్టరమ్మ నీలం.

ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. అబద్ధం చెప్పను. కానీ పులకరింత వేరు, క్షమించడం వేరు. ఆ సాయంత్రమే బానెట్ అతని నెత్తి మీద పడేశాను.

చేసినంతసేపూ చేశాడు గానీ తలుపుల దగ్గర ఆగిపోయాడు. నడుం కింద జాకీ పెట్టి ఎత్తితే నాలుగూ చక్కగా మూసుకునేవి. జాకీ తీయగానే మళ్ళీ నోళ్ళు తెరిచేవి. కీళ్ళు మార్చాడు, రేకుముక్కలు దూర్చాడు, ఆకురాయి పెట్టాడు. ఆఖరికి నూకరత్నమే విసుక్కుంది.

"టాపు లేక కదండీ అది. మీరు కోసిందే కదా, మీరే ఏసెయ్యండి."

"టాపు ఏత్తే ఊరేమనుకుంటాదే? ఇది అమెరికా నుంచి ఇలాగే వచ్చిందని చెప్పేసేను కదా అందరికీ. ఓపెన్ కారని."

"ఎవరికి చెప్పేరు?"

"పదర్శనవోళ్ళకి. కాయితం మీద రాసిచ్చేను కూడా. టాపు చూసినవోళ్ళు ఇప్పుడెవరున్నారే? ఇంక టాపు మాటెత్తకు."

రంపం నన్ను కోసిన రోజు పడ్డ నొప్పి వేరు. ఈ మాటతో పడ్డది వేరు. రంపం టాపుని తీసుకుపోయింది. ఈ అబద్ధం అసలు నాకు టాపే లేదంటోంది. నా టాపు కింద పుట్టినవాడు అంటున్న మాట ఇది. ఇక ఊరుకునేది లేదనుకున్నాను.

ప్రదర్శన రోజున డాక్టరమ్మ నీలంలో తళతళలాడుతూ బీచి రోడ్డు మీద నిలబడ్డాను. తలుపులకి లోపల బైండింగ్ వైరు, పైన అలవాటుగా బంతిపూలు. గవర్రాజు తెల్ల చొక్కా, కొత్త పంచె. నూకరత్నం జరీచీర కట్టుకుని వెనకసీట్లో కూర్చుంది. ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. తోపుడు గవర్రాజని పిలిచినవాళ్ళే ఇప్పుడు పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. అతని మొహంలో వెలుగు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

కార్లని పరీక్ష చేయడానికి హైదరాబాద్ నుంచి కిషన్‌రావనే పెద్దాయన వచ్చారు. నెమ్మదైన మనిషి. నా చుట్టూ తిరిగి, వంగి, లేచి, కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"గివి నాలుగు తలుపులున్నయి గద సార్. ఈ కంపెనీ అప్పట్ల ఓపెన్ కారుకు రెండే తలుపులు పెట్టేది."

గవర్రాజు తడుముకోలేదు. "ఇది పెత్యేకం అండి. ఓ జమీందారుగారు ఆర్డరిచ్చి చేయించుకున్నారంట."

"అట్లనా" అన్నారాయన. నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ముసలాయన మొహం చూసి ఊరుకున్నారు. "పని మాత్రం మంచిగ చేసిన్రు" అని పక్కకి జరిగారు. చూశారా, మనుషులు ఒకరినొకరు ఎలా కాపాడుకుంటారో! నన్ను కాపాడటానికి మాత్రం ఆ రోజు ఒక్కడు లేడు.

ఎవరో మైకు తెచ్చి గవర్రాజు చేతిలో పెట్టారు. మైకు పట్టుకోగానే అతని వయసు తగ్గిపోయింది.

"అందరికీ నమస్కారమండి. ఈ కారులోనే నేను పుట్టేనండి. ఈ కారుకి పుట్టినకాణ్ణించీ టాపన్నదే లేదండి..."

ఇంజను నడుస్తోంది. ఒళ్ళంతా బిగబట్టి వణికాను. డ్రైవరు పక్క వైరు టప్పున తెగింది. తలుపు బార్లా తెరుచుకుంది. తర్వాత దాని వెనకది. తర్వాత అటువైపు రెండూ. బంతిపూలు రోడ్డు మీద రాలాయి. కిషన్‌రావుగారు మళ్ళీ దగ్గరకొచ్చి, తలుపు వెనక స్తంభం చివర బొటనవేలితో నిమిరారు.

"గీడ రంపం పెట్టిన్రు ఎవరో."

"తుప్పండి అది" అన్నాడు గవర్రాజు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది, అందరికీ వినపడింది.

వెనకసీట్లోంచి నూకరత్నం లేచి నిలబడింది.

"తుప్పు కాదండి. ఈయనే కోసేరు. పెళ్ళికూతురు కనపట్టంలేదని. రంపం మీద కొబ్బరినూనె పోసింది నేనేనండి. గుండ్రంగా, ఎంత బాగుండేదో ఆ టాపు! గేదెకి కుడితితొట్టి చేసేం."

గుంపులో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, బీచి రోడ్డంతా నవ్వింది. గవర్రాజు మైకు కిందకి దించాడు. తర్వాత తలా దించాడు. ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో ఆ దించిన తల కోసం! నా గుండె చల్లబడింది. కసి తీరింది. మంచివాళ్ళయితే జాలిపడ్డామని చెబుతారు. నేను పడలేదు. ఇంటిదాకా దారిలో ఒక్కసారి కూడా ఆగకుండా, హాయిగా, కూనిరాగం తీసినట్టు పరిగెత్తాను.

ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. గోడ పక్కనే ఉన్నాను కాబట్టి అన్నీ తెలిసేవి. ఆఖరికి అతనే అడిగాడు. "అంతమందిలోనా చెప్తావే?"

"ఇంకెక్కడ చెప్పమన్నారు? దాచి దాచి నోరు నొప్పెట్టేసిందండి."

నన్నిక పాత ఇనుము సామానువాడికి అమ్మేస్తాడని అనుకున్నాను. భయం వేయలేదు. నా పని అయిపోయింది. తూకానికి వెళ్ళినా తృప్తిగానే వెళ్తాను. షెడ్డు తలుపు చాలా రోజులు తెరుచుకోలేదు.

తెరుచుకున్నప్పుడు గవర్రాజు చేతిలో షామియానా గొట్టాలున్నాయి.

కారు టాపు చేయడం అతనికి రాదు. అతనికి తెలిసింది పందిరి వేయడమే. పందిరి వేసినట్టే వేశాడు. గొట్టాలని మోకాలి కింద పెట్టి వంచి, నా తెగిన స్తంభాల మీద అడ్డంగా నిలువుగా అతికించాడు. వంపు కుదరకపోతే కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నూకరత్నం ఒకచోట నిలబడి, "కాదండి, ఇంకా గుండ్రంగా ఉండేది" అంటే అక్కడ మళ్ళీ వంచాడు. ఫోనులో అమెరికావాణ్ణి ఈసారి అడగలేదు. గొట్టాల మీద రేకు పరిచి, రివిట్లు కొట్టాడు. లోపలివైపు పాత పెళ్ళి షామియానా గుడ్డ కుట్టించాడు. ఎర్రది, పచ్చ పువ్వులు, అంచున కుచ్చులతో సహా. ఆ గుడ్డ బిగించడానికి వెనకసీట్లో వెల్లకిలా పడుకుని, కాసేపు సుత్తి పక్కన పెట్టేశాడు.

"కళ్ళు తెరిచి నేను మొట్టమొదట చూసింది దీని టాపేనంట. మా అమ్మ చెప్పేది" అన్నాడు.

నూకరత్నం మేకులు అందించింది.

టాపు వంకరగా వచ్చింది. ఎడమవైపు ఎత్తు, కుడివైపు పల్లం. బరువు ఎక్కువ. నా తోటి కార్లు చూస్తే నవ్వుతాయి. కానీ జాకీ తీసేసి గవర్రాజు తలుపు వేసినప్పుడు అది టక్కున కూర్చుంది. అతను తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు, వేశాడు. నాలుగు తలుపులూ అలాగే వేసి చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఎవరు దారినపోతున్నా పిలిచి, తనే కోశానని, మళ్ళీ తనే వేశానని చెప్పడం మొదలుపెట్టాడు. మైకు లేకుండానే.

మీరిప్పుడు ఒక మాట అనుకుంటున్నారు, నాకు తెలుసు. పోనీలే, పశ్చాత్తాపపడ్డాడు, టాపు వేశాడు, ఇది కూడా క్షమించేసి ఉంటుందని. మనుషులకి ఇలాంటి ముగింపులంటే మహా ఇష్టం. కోసినది డెట్రాయిట్ రేకు, వేసినది షామియానా గొట్టం. ఆ రెండూ ఒకటేనని నా చేత ఎవరూ అనిపించలేరు.

మొన్న వాన పట్టింది. ఇంట్లో కరెంటు పోయి ఉక్కగా ఉంటే ఇద్దరూ వచ్చి నా ముందుసీట్లో కూర్చున్నారు. నా కొత్త టాపు మీద వాన దడదడా కురుస్తోంది. నూకరత్నం పల్లీలు ఒలుచుకుంటోంది, ఆమె వైపు ఒక్క చుక్క పడనివ్వలేదు. రెండో పక్క రేకు అతుకులో ఒకచోట, సన్నగా, దారి వదిలాను. టాపు నాది. ఎక్కడ కారాలో నా ఇష్టం.

చుక్క వెళ్ళి గవర్రాజు బట్టతల నడినెత్తిన పడింది. తర్వాత ఇంకొకటి, అక్కడే.

అతను తల నిమురుకుని పైకి చూశాడు. "దీనికింకా కోపం పోలేదే" అన్నాడు.

"ఎలా పోద్దండి? ఇటు జరగండి, తడిసిపోతన్నారు."

అతను జరగలేదు. నేనూ ఆపలేదు.